చార్లెస్ ఫ్రెడరిక్ వర్తు చరిత్రము

అమరసింహుడు తన కోశమునందు తంతువాయుని చెప్పి, ఆ వెంటనే తున్నవాయుని చెప్పెను. తంతువాయుడన నేతపనివాడు, తున్నవాయుడన కుట్టుపనివాడు. మేము ముప్పదియేండ్లకు పైబడి బాలురచేత అమరము వల్లెవేయించితిమి గాని, ఈ పొరుగుతనమును గూర్చి ఒక్కనాడును నిలిచి యోచింపలేదు. ఈ సంచికకు ప్రసిద్ధపురుషు డొకని చరిత్రము వ్రాసి పంపుమని మన సంఘమువారు కోరినపుడు అది జ్ఞప్తికి వచ్చినది. మన కులమున పుట్టిన కవులను, భక్తులను గూర్చి మాకంటె తెలిసినవారు ఏటేట వ్రాయుచునే యున్నారు. కావున మేము ఈ పర్యాయము తంతువాయుని విడిచి, అతని పొరుగువానిని గూర్చి వ్రాయ బూనితిమి. ఇతడు మన దేశమువాడు కాడు. గతించి నూరేండ్లు దాటినది. అయినను ఇతని కత్తెర యొకవైపు తిరిగినపుడు కొన్ని యూళ్ల మగ్గములు ఆడెను, మరియొకవైపు తిరిగినపుడు కొన్ని యూళ్ల మగ్గములు ఆగెను. మగ్గము నెరిగిన సోదరులకు ఇంతకంటె వేరు కారణము చెప్ప నక్కరలేదని తలచెదము.

చార్లెస్ ఫ్రెడరిక్ వర్తు 1825వ సంవత్సరము అక్టోబరు 13వ తేదీన ఇంగ్లండు దేశమున లింకన్‌షైరు మండలమునందలి బోర్న్ అను చిన్నపట్టణమున జన్మించెను. తండ్రి న్యాయవాది. కుటుంబము మొదట కలిగినదే. కాని తండ్రి 1836 ప్రాంతమున ఉన్నదంతయు పోగొట్టుకొని భార్యాబిడ్డలను విడిచిపెట్టెను. తల్లి బంధువుల యింట గృహకృత్యములు చూచుచు బ్రదుకవలసి వచ్చెను. బాలునికి అప్పటికి పదునొకండేండ్లు. బడి మాన్పించి అతనిని అచ్చుకూటమున పనికి పెట్టిరి. పదునొకండేండ్లకు బడి మానినవారిని మా యుద్యోగకాలమున మేము పలువురను చూచితిమి. మగ్గపుగుంటలో కాలుపెట్టిన పిల్లవాడు మరల బడిమెట్లెక్కుట మిక్కిలి అరుదు. వర్తు కూడ మరల బడికి పోలేదు. కాని అచ్చుకూటపు పని యతనికి రుచింపలేదు. ఒక యేడు గడచినంతనే తల్లిని ఒప్పించి లండను నగరమునకు పోయెను.

అచ్చట 1838లో స్వాన్ అండ్ ఎడ్గార్ అను గొప్ప బట్టలదుకాణమున అప్రెంటిసుగా చేరెను. ఏడేండ్లు తానులు విప్పుట, చుట్టుట, కొలుచుట, లెక్కలు వ్రాయుట. చేయి తగిలినంతనే ఇది ఏ నూలు, ఏ నేత, నీట పడిన నిలుచునా, మడతకు లొంగునా యని చెప్పగల జ్ఞానము ఇట్టి పనివలన గాని రాదు. తీరికవేళల నేషనల్ గ్యాలరీ యను చిత్రశాలకు పోయి, ప్రాచీనచిత్రకారులు రాణులకును దొరసానులకును వ్రాసిన పటములయెదుట నిలిచి, ముఖములకంటె వస్త్రములనే ఎక్కువగా చూచుచుండెనట. ఆ చిత్రశాల ట్రఫాల్గర్ చౌకునందలి క్రొత్తభవనములోనికి మారినదియు అదే 1838లో. పిమ్మట లూయిస్ అండ్ అలెన్‌బీ అను పట్టువర్తకులవద్ద కొంతకాలము పనిచేసి, 1845లో ఫ్రాన్సు దేశపు రాజధానియగు పారిసునకు ప్రయాణమయ్యెను. చేతిలో ధనము స్వల్పము, ఫ్రెంచిభాష రాదు.

ఆనాటి పారిసునందు వస్త్రవ్యాపారము ఎట్లు నడచెడిదో చెప్పిన గాని ఇతడు చేసిన మార్పు బోధపడదు. స్త్రీ యొక దుకాణమున గుడ్డ కొనును. వేరొకచోట అంచులు, జాలరులు, గుండీలు కొనును. అన్నిటిని మూటగట్టి కుట్టుపనికత్తె యింటికి తీసికొనిపోవును. రూపమేదో నిర్ణయించునది కొన్నయామె. కుట్టునది చెప్పినట్లు కుట్టును. 1675లో పదునాలుగవ లూయీ రాజు కుట్టుపనికత్తెలకు ప్రత్యేకశ్రేణిగా నుండు హక్కిచ్చినది మొదలు స్త్రీల దుస్తులు కుట్టుట ముఖ్యముగా స్త్రీల వృత్తియే. మగవాడు గుడ్డ అమ్మవచ్చును. ఆడుదాని దుస్తు కుట్టుట యన్న నవ్వులాట.

వర్తు కొంతకాలము చిన్నపనులు చేసి భాష నేర్చుకొని, రిషెల్యూ వీధిలోని గాజెలిన్ అను పేరుగన్న దుకాణమున అమ్మకపువానిగా కుదిరెను. అచ్చట పట్టుగుడ్డలు, పైవస్త్రములు, ముఖ్యముగా శాలువలు అమ్మెడివారు. కాశ్మీరపు శాలువ యనగా ఆ కాలమున పారిసు ధనికస్త్రీకి ప్రాణము. పెండ్లికానుకలలో అది యుండితీరవలెను. ఆ శాలువలమీది వంకరతోక బుటా మనవారికి క్రొత్తది కాదు. మనము దానిని మామిడిపిందె యందుము. స్కాట్లండు దేశమున పేస్లీ యను నేతపట్టణమువారు దానిని అనుకరించి మగ్గములపై నేసి చౌకగా అమ్మినందున లోకము నేటికిని ఆ బుటాను పేస్లీ యనియే పిలుచుచున్నది. నేసినవాని యూరు మరుగునపడి, అనుకరించినవాని యూరు పేరుకెక్కుట వస్త్రవ్యాపారమున మొదటిసారియు కాదు, కడపటిసారియు కాదు.

ఆ దుకాణముననే మేరీ వెర్నె యను యువతి పనిచేయుచుండెను. శాలువను భుజములపై వేసికొని, కొనవచ్చినవారియెదుట అటునిటు నడచి చూపుట ఆమె పని. శాలువ యందము చెడకుండుటకై వర్తు ఆమెకు ఆడంబరములేని దుస్తులు, కొలత తప్పకుండ, తానే కత్తిరించి కుట్టించెను. కొనవచ్చినవారు శాలువను చూచుట మాని దుస్తును చూచి, అట్టిది మాకును కావలెనని యడుగసాగిరి. గుడ్డదుకాణమున దుస్తులు కుట్టుట మర్యాద కాదని యజమానులు మొదట సందేహించిరి, తుదకు ఒప్పుకొనిరి. 1851లో వర్తు మేరీని వివాహమాడెను. ఆ సంవత్సరమే లండనులో జరిగిన మహాప్రదర్శనమునందును, 1855లో పారిసునందు జరిగిన ప్రదర్శనమునందును ఇతడు కల్పించిన దుస్తులు ఆ దుకాణమునకు బహుమతులు తెచ్చెను. రెండవదానిలో నడుమునుండి గాక భుజములనుండి జారునట్లు అమర్చిన దర్బారు పైచెరగు విశేషముగా కీర్తింపబడెను.

ఇక ఆ కాలపు దుస్తుల చిత్రములను గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. ఇతని భాగ్యము చిత్రముల పుస్తకముతోనే తెరచుకొనినది గదా. ఏ పట్టణమున ఏమి ధరించుచున్నారో తెలిసికొనుటకు పూర్వము పారిసునుండి దుస్తులు తొడిగిన బొమ్మలను దూరదేశములకు పంపెడివారు. పందొమ్మిదవ శతాబ్దమున ఆ పనిని పత్రికలు చేపట్టెను. చిత్రకారుడు గీసిన బొమ్మను లోహపుపలకపై చెక్కి, కాగితములపై అచ్చొత్తి, ప్రతి కాగితమునకును చేతితోనే రంగులు వేయించెడివారు. ఆ రంగులు వేసినవారిలో పెక్కురు స్త్రీలు. 1843లో స్థాపింపబడిన మోనితర్ ద లా మోద్ అను పత్రికకు జూల్ దావీద్ అను చిత్రకారుడు ఆరంభమునుండి తాను మరణించిన 1892వరకు బొమ్మలు వ్రాసెను. 1860లో మోద్ ఇలుస్త్రే అను పత్రిక వెలువడెను. అలెగ్జాండర్ కోలిన్ అను చిత్రకారుని కుమార్తెలు ముగ్గురు, ఎలోయీజ్ లెల్వార్, అనాయీస్ తుదూజ్, లోర్ నోయెల్ అనువారు, ఈ విద్యయందు అగ్రగణ్యలైరి. సముద్రమునకు ఆవల ఫిలడెల్ఫియా పట్టణమున 1830లోనే గోడీ యనువాని పత్రిక ఇట్టి బొమ్మలతో బయలుదేరియుండెను.

ఈ బొమ్మలను మేము ముద్రితగ్రంథములందు చూచితిమి. మొదట మాకు నవ్వు వచ్చెను. స్త్రీలందరికిని ఒకటే ముఖము, ఒకటే చిన్నినోరు, భూమిమీద ఆనీఆనని పాదములు. కాని జాగ్రత్తగా చూడగా మా తెలివితక్కువ మాకే తెలిసినది. అవి ముఖములకొరకు వ్రాసినవి కావు, కుచ్చెళ్లకొరకు వ్రాసినవి. ఎన్ని మడతలు, ఎచ్చట కుట్టు, అంచు ఎంత వెడల్పు, గుడ్డ పట్టా మఖమలా యను సంగతులన్నియు వేయి మైళ్ల దూరమునగల దర్జీ ఆ యొక్క కాగితమును చూచి గ్రహింపవలెను. మన జాకార్డు పనివారు గళ్లకాగితముపై గీయు డిజైను ఎట్టిదో ఇదియు నట్టిదే. దానిని చూచి ఆనందించుటకంటె దానిని చదువుట ముఖ్యము.

గాజెలిన్ యజమానులతో తనకు పొసగక, 1858 నాటికి వర్తు స్వీడనుదేశీయుడగు ఓటో బోబెర్గ్ అను భాగస్వామితో ర్యూ ద లా పే, అనగా శాంతివీధి, యందలి ఏడవ నంబరు భవనమున సొంతదుకాణము తెరచెను. రెండేండ్లు గడచెను. 1860లో ఆస్ట్రియా రాయబారి భార్యయగు పౌలీన్ మెట్టర్నిక్ రాకుమారి యింటికి మేరీ స్వయముగా పోయి, భర్త గీసిన దుస్తుల చిత్రముల ఆల్బమును దాసిచేత లోనికి పంపి, తాను వెలుపల నిలిచియుండెను. ఆంగ్లేయు డొకడు పారిసునందు స్త్రీల దుస్తులు కుట్టునా యని రాకుమారి మొదట తేలికగా తీసికొనెను. పుటలు త్రిప్పగా త్రిప్పగా ముఖము మారెను. మేరీని లోనికి పిలిపించి, ఒక్కొక్కటి 300 ఫ్రాంకులకు మించకుండ రెండు దుస్తులు కుట్టుమనెను. అందొకటి వెండిజరీ మెరుపుగల సన్నని తెల్లజాలి, మధ్యమధ్య డెయిసీ పూవులు. దానిని ధరించి ఆమె టుయిలరీ రాజభవనమునందలి నృత్యోత్సవమునకు పోగా, మూడవ నెపోలియన్ చక్రవర్తి భార్యయగు యుజినీ రాణి దానిని చూచి కుట్టినవాని పేరడిగెను. మరునాడే వర్తునకు పిలుపు వచ్చెను. ఆ దినముతో తనకు మూడువందల ఫ్రాంకుల దుస్తులు ముగిసినవని రాకుమారి తరువాత తన స్మృతులలో పరిహాసముగా వ్రాసికొన్నది.

ఇచ్చటనుండి కథ మగ్గములవైపు తిరుగుచున్నది. ఫ్రాన్సునందలి లియాన్ నగరము పట్టునేతకు పుట్టినిల్లు. అచ్చటి నేతపనివారిని కాన్యూలందురు. 1804 ప్రాంతమున జాకార్డు తన యంత్రమును ఆ నగరముననే సిద్ధపరచెను. ఆ మగ్గములు ఎత్తైనవి కావున క్రోయి రూస్ అను పేట యిండ్లకు ఎత్తైన కప్పులు వేసిరి. నేటికిని ఆ యిండ్లు నిలిచియున్నవి. వర్తకుడు నూలిచ్చును, నేతగాడు నేసి గుడ్డ అప్పగించి మజూరీ పుచ్చుకొనును. మన యూళ్ల పద్ధతికిని దీనికిని భేదము స్వల్పము. 1831లో కాన్యూలు మజూరీ తగ్గకుండ ఒక పట్టిక స్థిరపరుపుమని కోరిరి. వర్తకులు ఒప్పుకొన్నట్లే యొప్పుకొని మాట తప్పిరి. నేతపనివారు తిరుగబడిరి. 1834లో మరల తిరుగబడిరి. రెండుసార్లును సైన్యమువచ్చి అణచెను. వందలకొలది ప్రాణములు పోయెను. కావున లియాన్ మగ్గములు ఆగిన రాజ్యము కదలునని ప్రతి ప్రభువునకును భయము. 1860 తరువాత ఆ మగ్గములకు మరల కష్టము వచ్చెను. పట్టుపురుగులకు తెగులు, అమెరికాయందు 1861లో అంతర్యుద్ధము మొదలై అచ్చటి బేరము తగ్గుట, నాజూకుస్త్రీలు బరువైన బుటాపట్టును మాని తేలికగుడ్డలు కట్టుట.

అట్టి సమయమున వర్తు లియాన్‌లో నేసిన బరువైన పూలబుటాల పట్టుతో ఒక దుస్తు కుట్టి రాణికి తీసికొనిపోయెను. అది కిటికీతెరవలె నున్నదని రాణి త్రోసివేసెను. ఇంతలో చక్రవర్తి ఆ గదిలోనికి రాగా, వర్తు ధైర్యముచేసి, రాణిగారు దీనిని ధరించినయెడల లియాన్ మగ్గములకు పని కలుగునని విన్నవించెను. చక్రవర్తి ఆ మాటలోని రాజకీయమును వెంటనే గ్రహించి రాణిని ఒప్పించెను. ఈ సంగతిని వర్తు చిన్నకుమారుడు జాన్ ఫిలిప్ తన గ్రంథమున వ్రాసియున్నాడు. రాణి ధరించెను, దర్బారు ధరించెను, దర్బారును చూచి దేశదేశములవారు ధరించిరి. వర్తు పనికిమాలిన గుడ్డను దుకాణమున కొనుట మాని, ఏ బుటా ఏ వెడల్పున నేయవలెనో లియాన్‌వారికి తానే చెప్పి నేయించుకొనసాగెను. ఇదియంతయు నేతపనివారిమీది దయయని మేము చెప్పజాలము. వర్తు వర్తకుడు, బరువైన పట్టునకు బరువైన వెల యుండునని యతనికి తెలియును. అయినను దయలేకున్నను పని దొరికిన మగ్గము ఆడునుగదా.

మరి ఆగిన మగ్గముల మాట. 1856లో ఉక్కుకమ్మీల క్రినోలిన్ అను పంజరపులంగా వెలువడెను. దానిమీద నిలువుకోటు కుదరదు, పెద్దశాలువయే కుదురును. కాశ్మీరమునకు అది మంచి కాలము కావలసినది. కాని పేస్లీ, లియాన్ మొదలగు చోట్ల నేసిన అనుకరణశాలువలు అదే బేరమున పాలుపంచుకొనెను. కాశ్మీరమున దొరతనపు దాగ్‌షాల్ శాఖవారి పన్ను నేతగాండ్ర మెడను నులుముచుండెను. 1865 ఏప్రిల్ 29న శ్రీనగరమున శాలువ నేతపనివారు ఆ పన్నుమీద మొరపెట్టుకొనుటకు ఊరేగింపుగా వెడలగా సైనికులు వారిని తరిమిరి. పలువురు జాల్దగర్‌వద్ద నీట పడి మరణించిరి. అదే దశాబ్దమున పారిసునందు వర్తు క్రినోలిన్‌ను ముందువైపు చదునుచేసి, గుడ్డనంతయు వెనుకకు నెట్టి, 1860లు ముగియునప్పటికి నడుము వెనుక బుట్టవలె ఎత్తుకట్టు రూపమును ప్రచారమునకు తెచ్చెను. ఆ యెత్తుపైన శాలువ వేసిన దుస్తు అందమే కానరాదు. స్త్రీలు శాలువలను పెట్టెలలో పెట్టిరి. 1870లో ఫ్రాన్సునకును ప్రష్యాకును యుద్ధము వచ్చి కాశ్మీరశాలువలకు అన్నిటికంటె పెద్దసంతయే మూతపడెను. 1877 మొదలు 1879వరకు కాశ్మీరమున ఘోరక్షామము. పని లేని నేతగాండ్రకు తిండియు లేకపోయెను. ఈ పాపమంతయు వర్తు తలపై పెట్టుట అన్యాయము. పన్ను, యుద్ధము, అనుకరణ, క్షామము అన్నియు చేరినవి. కాని శాలువలు అమ్మి బ్రదుకు ప్రారంభించినవాని చేతనే శాలువ మోజు చల్లబడుట మాకు మిక్కిలి విచారము కలిగించినది.

మన తెలుగుతీరమునకును ఇట్టి అనుభవము పూర్వమే కలదు. 1669లో ఫ్రెంచివారు మచిలీపట్నమున వర్తకస్థానము నెలకొల్పిరి. అచ్చటినుండియు ఇతర రేవులనుండియు పోయిన అద్దకపుగుడ్డలపై ఫ్రాన్సునందు మోజు పెరుగగా, అచ్చటి పట్టు, ఉన్ని నేతలవారి మొరవలన 1686లో రాజు వానిని నిషేధించెను. ఆ నిషేధము 1759వరకు సాగెను.

వర్తు ఏర్పరచిన పద్ధతులు నేటి వస్త్రవ్యాపారమున సామాన్యములైనవి. దుస్తులను ముందుగా తానే కల్పించి, బ్రదికియున్న యువతులకు తొడిగి, కొనువారియెదుట నడిపించెను. కొనువారు చెప్పుట గాక తాను చెప్పుటయే నియమమయ్యెను. నిడుపైన కుట్లను మిషనుమీద వేయించి, తక్కిన పనిని చేతిసూదితో చేయించెను. ఆ మిషనుకు పారిసునందే ఒక విషాదచరిత్రము కలదు. తిమోనియే అను దర్జీ 1830లో కుట్టుమిషనును కనిపెట్టి సైనికుల దుస్తులు కుట్టుచుండగా, తమ కూడు పోవునని భయపడిన దర్జీలు 1831లో అతని కార్ఖానాలో చొరబడి మిషనులను విరుగగొట్టిరి. అయినను తరువాతికాలమున మిషను కార్ఖానాలలో వ్యాపించెను.

మగవాడు స్త్రీల దుస్తులు కుట్టుటను పత్రికలు ఎగతాళి చేసెను. ఎమిల్ జోలా తన యొక నవలలో వర్మ్స్ అను దర్జీపాత్రను ఇతనిని చూచియే కల్పించెను. ఆక్షేపమునకు ఇతడు చోటిచ్చెననియు ఒప్పుకొనవలెను. ప్రాచీనచిత్రకారుడు రెంబ్రాంటువలె మఖమలుటోపీ, పైకప్పు ధరించి, గొప్పయింటి స్త్రీలను సహితము వేచియుండజేయుచు, తాను దర్జీని కాను, కళాకారుడనని ప్రకటించుకొనెను. చిత్రకారుడు పటముమీద సంతకము చేసినట్లే దుస్తు నడుముపట్టీ లోపల తన పేరు ముద్రించెను. తరువాత తన సంతకమునే నేయించి కుట్టించెను. దుస్తుపై కుట్టినవాని పేరుండుట ఇతనితో స్థిరపడినది.

ఈ పేరుపట్టీని గూర్చి చదివినపుడు మాకు బాల్యమున జరిగిన సంగతి యొకటి గుర్తువచ్చినది. మా తండ్రిగారు గుంటమగ్గముపై నేసిన చీరలను పట్టణమున ఒక దుకాణమునకు వేసెడివారు. ఒకనాడు మేమును వెంట పోయితిమి. వారు నెలదినములు కష్టపడి నేసిన పెద్దయంచు చీర అద్దాలబీరువాలో ఆ దుకాణపు ముద్రచీటితో ఉండెను. కొనవచ్చిన యొక యిల్లాలు కొంగు విప్పి చూచి, ఇది ఎవరి పనితనమని అడిగెను. అమ్మువాడు దుకాణము పేరే చెప్పెను. మా తండ్రిగారు రెండడుగుల దూరమున నిలువబడి మజూరీలెక్క సరిచూచుకొనుచుండిరి, తల యెత్తలేదు. ఇంటికి వచ్చిన పిదప ఆ మాట అమ్మతో వారు చెప్పలేదు; మేమును చెప్పలేదు. వర్తు పట్టీలపై వర్తు పేరున్నది. ఆ పట్టును లియాన్‌లో నేసిన కాన్యూల పేర్లు ఆ దుస్తులపై మాకు కానరాలేదు.

1868లో పారిసు కుట్టుపనివారి వృత్తిసంఘ మొకటి ఏర్పడెను. దానికి మూలపురుషులలో వర్తు ముఖ్యుడు. ఒకరి రూపకల్పనలను మరొకరు అనుమతిలేక అనుకరింపకుండుట దాని యుద్దేశములలో నొకటి. రెండేండ్లకే యుద్ధము వచ్చి 1870 సెప్టెంబరున చక్రవర్తి రాజ్యము కూలెను. యుజినీ రాణి ఇంగ్లండునకు పారిపోయెను. పారిసు ముట్టడిలో వర్తు తన దుకాణమును గాయపడినవారికి ఆసుపత్రిగా మార్చెను. యుద్ధానంతరము బోబెర్గ్ విరమించుకొనగా, 1871లో వర్తు ఒంటరిగా దుకాణము తెరచెను. రాణి లేదు, దర్బారు లేదు. ఇక ఇతని పని ముగిసెనని పలువురు తలచిరి. కాని అమెరికా ధనికుల భార్యలును, రష్యా రాజవంశీయులును, సారా బెర్న్‌హార్ట్ వంటి నటీమణులును వచ్చిరి. దుకాణమున పనివారు వేయిమందికి పైబడిరి. పారిసునకు రాలేనివారు పత్రికలలోని బొమ్మలు చూచి తమ యూళ్లలో కుట్టించుకొనిరి.

పారిసు పొరుగున స్యూరెన్ అను చోట ఇతడు గొప్పభవనము కట్టుకొనెను. కుమారులు గాస్టన్, జాన్ ఫిలిప్ అనువారు వ్యాపారమున చేరిరి. పెద్దవాడు లెక్కలు, చిన్నవాడు రూపకల్పన చూచుకొనిరి. 1895 మార్చి 10న వర్తు పారిసునందు దేహము చాలించెను. స్యూరెన్‌యందు అతనిని సమాధిచేసిరి. శాలువలు భుజములపై వేసికొని నడచిన మేరీ మూడేండ్లకు మరణించెను. వారి వంశమువారు ఆ దుకాణమును ఇరువదవ శతాబ్ది మధ్యభాగమువరకు నడపిరి. ఆ దుకాణపు చిత్రములును ఛాయాపటములును అనేకము నేడు లండనునందలి విక్టోరియా ఆల్బర్ట్ ప్రదర్శనశాలలో భద్రపరుపబడియున్నవి.